మిగులు చాటున లేమి



ఒక ఎకరములో 25 క్వింటాళ్ల వడ్లు పండుటకు వరిపైరు నేలనుండి తీసికొను యశదము, అనగా మనము జింకు అని వ్యవహరించు లోహము, గింజకును గడ్డికిని కలిపి ఇంచుమించు 125 గ్రాములు. మన రైతు కరిగట్టులో చల్లు 20 కిలోల జింకు సల్ఫేటులో, నూటికి 21 పాళ్ల చొప్పున, 4 కిలోల 200 గ్రాముల జింకు ఉన్నది. పైరు కోరునది గుప్పెడు. మనము పెట్టునది దానికి ముప్పది రెట్లకు పైబడినది. ఐనను, పోచారము కాలువ క్రింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలములలోను, చెఱువులను బోరుబావులను నమ్ముకొన్న కామారెడ్డి పరిసరముల మడులలోను, నాటు వేసిన మూడవ వారము నాటికి ముదురాకుల మీద ఇటుకరంగు మచ్చలు తేలి, దుబ్బు కట్టవలసిన పైరు గిడసబాఱి, ఆకును వంచినంతనే చప్పుడు చేయుచు విఱిగిపోవుట మీలో అనేకులు కన్నులార చూచినదే. ఇచ్చినదానిలో ముప్పదవ వంతుతో తృప్తిపడదగిన పైరు ఇంకను ఆకలిగొనియుండుటకు కారణమును జింకునందు మాత్రమే వెదకినచో దొరకదు. దాని చుట్టునున్న తక్కిన ధాతువులయందు వెదకవలయును. పైరులో మనకు కనబడు కొఱత, చాల తావులలో, మఱొక పోషకము మితిమీఱుటవలన కలిగిన కొఱత. ఈ ఒక్క సంగతిని, మన నేలలను మన నీళ్లను ఆధారముగా చేసికొని, నేడు మీకు వివరింప ప్రయత్నింతును.

మొక్కకు అత్యవసరములని నిశ్చయింపబడిన సూక్ష్మపోషకములు ఎనిమిది: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాను, మాలిబ్డినము, క్లోరిను, నికెలు. 1939లో కాలిఫోర్నియాలోని ఆర్నన్, స్టౌట్ అను శాస్త్రజ్ఞులు అత్యవసర ధాతువునకు లక్షణములు నిర్ణయించుచు, అది లేనిచో మొక్క తన జీవితచక్రమును పూర్తిచేసికొనజాలదనియు, దాని పనిని వేఱొక ధాతువు నెఱవేర్పజాలదనియు చెప్పిరి. రెండవ లక్షణమును ఒకింత నిలిచి ఆలోచింపుడు. పత్రహరితము ఏర్పడుటకు ఇనుము వలయును. సూర్యరశ్మి బలముతో నీటిని విడగొట్టుటకు మాంగనీసు వలయును. వృద్ధికారకమగు ఆక్సిను తయారగుటకు జింకు వలయును. పుప్పొడి మొలచి అండమును చేరుటకు బోరాను వలయును. వేరు పీల్చిన నైట్రేటును మాంసకృత్తుగా మార్చుకొను మార్గములో మొదటి మెట్టునకే మాలిబ్డినము వలయును. వీనిలో ఒకదాని పని మఱొకటి చేయలేదు. కాని ఒకదాని దారికి మఱొకటి అడ్డుపడగలదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఎట్లనగా, ఎండిన ఆకు కిలో ఒక్కింటికి ఇనుము 100 మిల్లీగ్రాములు, జింకు 20, రాగి 6, మాలిబ్డినము మిల్లీగ్రాములో పదవ వంతు ఉన్న చాలును. ఇంత సూక్ష్మ పరిమాణములను నేలలోని మహాసమూహమునుండి ఏరి తెచ్చుకొను పని వేళ్ల పైపొరలోని కొన్ని మాంసకృత్తులది. వానిలో కొన్ని ఇనుమునకై ఉద్దేశింపబడినవే యైనను, పరిమాణమునందును విద్యుదావేశమునందును ఇనుమును పోలియున్న జింకు, మాంగనీసు మొదలగు లోహములను సయితము లోనికి విడుచును. ఒకే త్రోవను ఇందఱు నడుచునప్పుడు, ఎవరు హెచ్చుగా ఉన్న వారిదే దారి. నిజాంసాగరము నిండియున్న సంవత్సరమునను, కాలువ మొగనున్న తూములు పూర్తిగా ఎత్తివేసినచో చివరి ఆయకట్టు ఎట్లు ఎండునో, నేలలో జింకు ఉన్నను ఇనుమో మాంగనీసో ముందుగా వేరును ఆక్రమించినచో పైరునకు జింకు అట్లే అందకుండును. లోనికి ప్రవేశించిన తరువాతనైనను పోటీ ఆగదు. ఆకునుండి ఆకునకు, ఆకునుండి గింజకు ఈ లోహములను మోసికొనిపోవుటకు నికోషియానమీను అను ఒక పదార్థమును మొక్క తయారుచేసికొనును. ఇనుమును, జింకును, రాగియు దానినే ఆశ్రయించి ప్రయాణము చేయును.

ఇక, మన ప్రాంతమునకు అన్నిటికంటె ముఖ్యమైన వైరము జింకునకును భాస్వరమునకును గలది. భాస్వరము సూక్ష్మపోషకము కాదు; అది పెద్దల వరుసలోనిది. కాని సూక్ష్మపోషకముల కథ దానిని విడిచి చెప్పుటకు వీలులేదు. మనవారు అడుగుపిండి యని వేయు డీఏపీ బస్తాలో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము. నత్రజని గాలికిని నీటికిని పోవును. భాస్వరము పోదు, వేసిన చోటనే పాతుకొనును. వానాకాలము ఒక బస్తా, యాసంగి ఒక బస్తా, పక్క మడివాడు రెండు వేసినాడని మఱుసటి యేడు రెండు, ఇట్లు సంవత్సరములు గడచినకొలది పొలము భాస్వరమును దాచుకొన్న భూమి యగును. అట్టి చోట జింకు కొఱత తలయెత్తుట ప్రపంచమందంతటను గమనింపబడిన విషయము.

దీనికి హేతువు నేలలో జింకును భాస్వరమును కలిసి కరగని పదార్థమగుటయే యని చాలకాలము భావించిరి. అది కొంతవఱకే నిజము. మక్కవంటి మెట్టపైరులలో వేళ్లను అంటుకొని బ్రతుకుచు, వేరు చేరలేని దూరమునుండి జింకును మోసి తెచ్చు మైకోరైజా యను శిలీంధ్రము, భాస్వరము సమృద్ధిగా ఉన్నచోట వేరును అంటుకొనుట తగ్గించును. ఇది రెండవ హేతువు. భాస్వరము తిని పైరు ఏపుగా పెరుగగా, ఉన్న కొద్ది జింకు పెరిగిన ఆకులన్నిటికిని పంచబడి పలుచబడుట మూడవది. నాలుగవదియే మిక్కిలి విచిత్రమైనది. 1986లో ఇస్మాయిల్ చక్మక్, హార్స్ట్ మార్ష్నర్ అను శాస్త్రజ్ఞులు ప్రత్తిమొక్కలయందు చేసిన పరిశోధనలో, జింకు చాలని మొక్క భాస్వరమును పీల్చుటలో తన అదుపును కోల్పోయి, అవసరమునకు మించి పీల్చి, ఆకులలో దానిని విషప్రాయమగునంతగా కూడబెట్టుకొనునని తేలినది. అనగా భాస్వరము జింకును అణచును. అణగిన జింకు భాస్వరమును అడ్డులేక లోనికి విడుచును. అది మఱింత అణచును. ముదురాకు మాడుటలో జింకు లేమి ఎంతయో భాస్వరపు మిగులు ఎంతయో కంటితో చూచి విడదీయుట సాధ్యము కాదు. పైరు మందగించినదని తలచి అట్టి పొలమునకు పైపాటుగా మఱికొంత డీఏపీ చల్లు రైతు, తన సొమ్ముతో తన పైరు రోగమును పెంచినవాడగుచున్నాడు. ఈ మాట నిష్ఠురముగా తోచవచ్చును. కాని ఎకరమునకు ఒక బస్తా ధర ఆదా కాగల చోట ఈ మాట చెప్పక ఊరకుండుట తగదని నా విశ్వాసము.

వరిలో ఈ జింకు కొఱతను మన దేశమున మొదట గుర్తించినవారు యశ్వంత్ లక్ష్మణ్ నేనేగారు. హిమాలయముల పాదమునందలి తరాయి ప్రాంతములో ఖైరా యను పేర వరిని పాడుచేయుచుండిన వ్యాధి ఏ శిలీంధ్రమువలననో క్రిమివలననో కలిగినది కాదనియు, జింకు చాలకపోవుటయే దానికి మూలమనియు పంత్‌నగర్‌లో పనిచేయుచు వారు 1966లో ప్రకటించిరి. తెగుళ్ల శాస్త్రములో పండితుడైనవాడు, ఇది నా శాస్త్రమునకు సంబంధించిన తెగులు కాదని నిరూపించుట శాస్త్రచరిత్రలో గౌరవింపదగిన ఘట్టము. ఆ నేనేగారే తరువాత మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో చాలకాలము పనిచేసి, సికిందరాబాదులో స్థిరపడి, ఆసియా ఖండపు వ్యవసాయచరిత్రను వెలికిదీయుటకు 1994లో ఒక సంస్థను స్థాపించిరి. ఖైరా వార్త వెలువడిన మఱుసటి సంవత్సరమే, 1967లో, దేశవ్యాప్తముగా సూక్ష్మపోషకములపై సమన్విత పరిశోధన ప్రారంభమైనది. దాని కేంద్రములలో హైదరాబాదు ఒకటి.

వరిమడిలోని కథ కేవలము ఎరువులతో ముగియదు. నీరు కూడ అందొక పాత్ర. కరిగట్టు చేసి నీరు నిలిపిన కొన్ని దినములలోనే బురదలోని ప్రాణవాయువు హరించిపోవును. అంతట నేలలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువునకు బదులుగా మొదట మాంగనీసును, పిదప ఇనుమును వాడుకొనుట ప్రారంభించును. అంతవఱకు తుప్పుగా కరగక పడియున్న ఆ రెండు లోహములును కరగి నీటిలోనికి వచ్చును. అదే సమయమున జింకు తిరోగమించును: గంధకముతోను కార్బొనేటుతోను కూడి కొంత అడుగంటును, మిగిలినది వేరును చేరుసరికి కరగిన ఇనుము, మాంగనీసు అక్కడ గుమిగూడియుండును. దీనికి తోడు బురదనేలలో బైకార్బొనేటు పెరిగి లేత వేళ్ల ఎదుగుదలనే కుంటుపఱచును. కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు ప్రాంతములలో వలె గ్రానైటు రాళ్ల పగుళ్లనుండి తోడిన బోరునీరు పాఱు చోట్ల, ఆ నీటితో వచ్చు బైకార్బొనేటు దీనికి అదనము. 1922లో పూర్తియైన పోచారము క్రిందను, 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రిందను, ఒక నీటికి వరి, రెండవ నీటికిని వరి అను ఆచారము బలపడిన చోట్ల, నేల యెన్నడును పూర్తిగా ఆఱి గాలి పీల్చుకొనక, ఈ స్థితి దీర్ఘకాలికమగుచున్నది. అందుచేతనే, మచ్చలు కనబడిన మడినుండి మొట్టమొదట నీరు తీసివేయుమని వ్యవసాయాధికారులు చెప్పుదురు. ఒక బస్తా మందుకంటె ముందు రెండు దినముల గాలి ఆ వేళ్లకు మేలు. అటుపిమ్మట లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదేసి దినముల ఎడముతో రెండు మూడు మాఱులు పిచికారి చేసినచో, వేరు దగ్గఱి పోటీతో పనిలేకుండ ఆకే జింకును గ్రహించును.

ఇక మన కామారెడ్డి జిల్లా పశ్చిమమునకు పోవుదము. మద్నూరు, జుక్కల్, బిచ్కుంద ప్రాంతములలో భూమి రంగు మాఱును. ఇటు చెల్క, దుబ్బ. అటు సున్నపుగడ్డలతో కూడిన, క్షారగుణము గల నల్లరేగడి. ఆ క్షారగుణమును తెలుపు ఉదజని సూచిక ఒక్క అంకె పెరిగినచో, నేలనీటిలో కరగియుండు జింకు ఇంచుమించు నూఱవ వంతునకు పడిపోవును. ఇనుము గతి ఇంకను హీనము. కాని మాలిబ్డినము మాత్రము విపరీతముగా ప్రవర్తించి, క్షారగుణము పెరిగినకొలది హెచ్చుగా కరగును. అక్కడి రైతులు విరివిగా వేయు సోయాచిక్కుడునకు వేళ్ల బుడిపెలలో గాలినుండి నత్రజనిని పట్టుకొనుటకు ఇనుము, మాలిబ్డినము రెండును ఒకే యంత్రములోని భాగములుగా కావలయును. రేగడిలో మాలిబ్డినము సమృద్ధి, ఇనుము కఱవు. ఆమ్లగుణము వైపు మొగ్గిన చెల్కలో ఇనుమునకు లోటుండదు, మాలిబ్డినమే పలుచన. రెండు చోట్లను సోయా ఆకు పాలిపోవచ్చును. రెండింటికిని మందు వేఱు. సల్ఫేటు మాలిబ్డినమునకు అడ్డుపడుననియు, ఫాస్ఫేటు దానికి తోడ్పడుననియు తెలిసినప్పుడు, జింకునకు శత్రువని ఇంతసేపు మనము నిందించిన భాస్వరమే ఇంకొకచోట మిత్రుడగుట చూచి, పోషకములలో మంచిది చెడ్డదను విభాగమే లేదని గ్రహింపవలసియున్నది.

మాలిబ్డినము మాట వచ్చినది గనుక, విషయము నుండి కొంచెము ప్రక్కకు తొలగియైనను, మన తెలంగాణములోనే జరిగిన ఒక దుఃఖకరమైన వృత్తాంతమును స్మరించుట అవసరము. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు త్రాగు గ్రామములలో, మోకాళ్లు లోపలికి వంగి నడువలేకపోవు యువకులను 1970 దశకమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పరిశీలించిరి. క్షారగుణము గల ఆ నేలలలో పండిన జొన్నలయందు మాలిబ్డినము హెచ్చుగా ఉండుటయు, అట్టి జొన్నలు తిన్నవారి శరీరమునుండి రాగి మూత్రము ద్వారా అధికముగా వెడలిపోవుటయు వారి పరిశోధనలలో కనబడినవి. ఎముక గట్టిపడుటకు రాగి అవసరము. ఫ్లోరైడు చేసిన అపకారమునకు ఈ రెండు లోహముల వైషమ్యము కూడ తోడై యుండునని వారు భావించిరి. పశువులలో ఈ వైరము ఇంకను స్పష్టము. మాలిబ్డినము మిక్కుటమైన మేత మేసిన పశువు, మేతలో రాగి ఉన్నను రాగి కఱవుతో క్షీణించును. పైరులో మొదలైన పోటీ పళ్లెమువఱకును గాడివఱకును సాగుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలయును?

చెఱకు సంగతి వేఱొక పాఠము చెప్పును. కామారెడ్డి బెల్లమునకు పేరు తెచ్చిన ఈ పంట సున్నపునేలలలో, అందును కార్శి తోటలలో, లేతాకులు ఈనెల నడుమ పసుపుచారలు తేలి, క్రమముగా తెల్లబడును. ఇది ఇనుము కొఱత. కాని అట్టి ఆకును ప్రయోగశాలలో కాల్చి చూచినచో, ఒక్కొక్కప్పుడు పచ్చని ఆకులో ఉన్నంత ఇనుము దానియందును ఉండును! ఉన్నది కాని పనికిరాని స్థితిలో చిక్కుపడియున్నది. ఇనుము నిచ్చు అన్నభేదిని పిచికారి చేయునప్పుడు దానిలో పదవ వంతు నిమ్మఉప్పు కలుపుమని చెప్పుటలోని ఆంతర్యము, ఇనుము ద్రావణములోనే తుప్పుగా మాఱిపోకుండ పట్టియుంచుటయే. గడ్డిజాతి పైరులు ఇనుమును గ్రహించుటకు తమ వేళ్లనుండి ఒక ద్రవమును విడిచి, నేలలోని ఇనుమును దానితో కట్టి తెచ్చుకొనునని జపానులో తకాగి 1976లో కనుగొనిరి. ఆ ద్రవము ఇనుముతోపాటు జింకును కూడ పట్టుకొనును. బార్లీ దీనిని పుష్కలముగా విడుచును, వరి అత్యల్పముగా విడుచును. బురదలో కరగిన ఇనుము దానికి ఎట్లును అందుబాటులో ఉండును గనుక. అందుచేతనే వరినారు నీరులేని మెట్ట నారుమడిలో పోసినచో తెల్లబడుట తఱచుగా చూతుము. అదే నారు నీటిమడిలో పచ్చగా ఉండును.

ఇన్ని చిక్కులు విన్న తరువాత, అన్ని సూక్ష్మపోషకములును కలిపిన పొట్లమొకటి అంగడిలో దొరకుచుండగా ఈ విచారమంతయు ఎందులకని అడుగువారుందురు. ఆ పొట్లము కొన్ని చోట్ల మేలుచేయవచ్చును. కాని రేగడిలో జింకు, రాగి, మాంగనీసు కలిపి మితిమీఱి పోసినచో, అప్పటికే కుంటుచున్న ఇనుము పూర్తిగా కూలబడును. రైతు తెల్లబడిన లేతాకును చూచి మఱొక పొట్లము కొనును. జింకు సల్ఫేటును ప్రతి కారునను వేయనక్కఱ లేదు, మూడు పంటలకొకసారి చాలునని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పుట ఇందుకే. మొదట నేను మనవి చేసిన ముప్పది రెట్ల మిగులు ఎక్కడికిని పోదు. చాలభాగము నేలలోనే నిలిచి తరువాతి పైరులకు మెల్లగా అందును. దానిని అందనిచ్చుటయే మన పని. పెంట ఎరువు వేసిన పొలములో కుళ్లిన పదార్థపు ఆమ్లములు జింకును ఇనుమును కరగిన స్థితిలో పట్టియుంచును గనుక, ఆ పని సులువగును. డీఏపీతో జింకు సల్ఫేటును ఒకే గంపలో కలిపి చల్లుట మాత్రము మానవలయును. రెండింటి నడుమ మూడు దినముల వ్యవధి చాలును. భాస్వరము నిలువయున్న భూములలో బస్తాలో కొంత తగ్గించి, నేలలో ఉన్నదానినే కరగించు ఫాస్ఫోబ్యాక్టీరియాను పశువుల ఎరువుతో కలిపి చల్లుట మేలు.

పైరు తన బాధను ఏ ఆకుమీద వ్రాయుచున్నదో చూచుట కూడ నేర్చుకొనవలయును. ఇనుము ముదురాకునుండి లేతాకునకు కదలి రాజాలదు, కావున దాని లోటు మొదట లేతాకునందే తెల్లదనముగా కనబడును. వరిలో జింకు లోటు లేతాకు మొదట ఈనె పాలిపోవుటతో ఆరంభమై, తుప్పుమచ్చలుగా దిగువ ఆకులలో స్థిరపడును. మక్కలో లేతాకులు మొదలంట తెల్లబడి మొగ్గ వెలవెలబోవును. చిహ్నములు కలిసిపోయినప్పుడు మాత్రము కంటిని నమ్మక భూపరీక్షను ఆశ్రయించుట మంచిది.

2015లో దేశమంతట ప్రవేశపెట్టబడిన భూసార పత్రములో ఇనుము, జింకు, రాగి, మాంగనీసు, బోరాను ఐదింటి లెక్కయు వచ్చును, మాలిబ్డినము రాదు. కిలో మట్టిలో జింకు 0.6 మిల్లీగ్రాములకు తగ్గినచో కొఱత అని సాధారణముగా ఎంచుదురు. ఆ యంకె 0.8 అని కనబడి పైరు మాత్రము మచ్చలు చూపుచున్నచో, పత్రము తప్పని త్రోసివేయక, ప్రక్క గడిలోని భాస్వరమును, ఉదజని సూచికను చూడుడు. రెండును హెచ్చుగా ఉన్నచో పైరు నిజమే చెప్పుచున్నది. మట్టి తీయుటకు యాసంగి కోతలు ముగిసి తొలకరి పడకముందు గల వేసవి దినములు అనుకూలము. ఇనుప పలుగు గాని, జింకు పూత పూసిన రేకు బకెట్టు గాని వాడినచో ఆ లోహమే మట్టిలో కలిసి లెక్క తాఱుమాఱగును. కఱ్ఱపుల్లతో గీరి ప్లాస్టిక్కు తొట్టిలో పోగుచేయుడు. పొలములో బాగుగా పండిన తావునుండి ఒక సంచియు, గిడసబాఱిన తావునుండి మఱొక సంచియు వేఱువేఱుగా తీసి, ఒక్కొక్క సంచితో పాటు, వెనుకటి మూడు పంటలకు ఆ మడిలో ఏ పిండి ఎన్ని బస్తాలు పడినదో, నీరు కాలువదో బోరుదో ఒక చీటీమీద వ్రాసి ఇచ్చినచో, రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రములోని వారికైనను, మీ మండల వ్యవసాయాధికారికైనను రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు వీలగును.